పుదుచ్చేరిలో భారతి పాట

తాము రచించిన గీతమును పండితుడు మెచ్చినచో చాలునని తృప్తి చెందు కవులు పెక్కుమంది కలరు. ఆ గీతమును పదిమంది చేరి గొంతు కలిపి పాడుకొననిచో అది పుట్టినను పుట్టనట్లే యని తలచు కవులు అరుదు. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఈ రెండవ కోవకు చెందినవాడు. ముప్పదితొమ్మిదేండ్లు నిండకమునుపే ముగిసిన ఆయన జీవితములో పదేండ్లు పుదుచ్చేరి పట్టణమున గడచినవి. స్వస్థలము విడిచి, పత్రికను పోగొట్టుకొని, చేతిలో కాసు నిలువక వసించిన ఆ పదేండ్లలోనే ఆయన పాట పిల్లల నోటికిని, స్త్రీల చేతితాళములకును, పల్లెవాండ్ర చిందులకును అందెను. ఆ కథ తెలుగువారు తెలిసికొనదగినది. అందు తెలుగు పాటకును కొంత పాత్ర కలదు.

భారతి 1882 వ సంవత్సరము డిసెంబరు 11 వ తేదీన నాటి తిరునెల్వేలి జిల్లాలోని ఎట్టయపురమున జన్మించెను. తండ్రి చిన్నస్వామి అయ్యరు, తల్లి లక్ష్మీ అమ్మాళ్. పెట్టిన పేరు సుబ్రహ్మణ్యము. ఇంట సుబ్బయ్య యని పిలిచెడివారు. ఐదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తండ్రికి గణితమునందును యంత్రవిద్యయందును అభినివేశము మెండు. కుమారుడును ఆ త్రోవనే నడవవలెనని ఆయన కోరెను గాని బాలునికి పద్యము తప్ప మరొకటి రుచింపలేదు. పదునొకండేండ్ల వయసున సంస్థాన పండితుల యెదుట కవిత చెప్పి భారతి యను బిరుదమును పొందెను. ఆ బిరుదమే తరువాత ఆయన పేరైనది.

ఎట్టయపుర సంస్థానమును గూర్చి ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. అచటి జమీందారులు తెలుగు మాతృభాషగా గల రాజకంబళ వంశీయులు. తమ పూర్వులు చంద్రగిరి ప్రాంతమునుండి దక్షిణమునకు తరలివచ్చిరని వారి వంశచరిత్ర చెప్పును. సంగీత త్రిమూర్తులలో ఒకరగు ముత్తుస్వామి దీక్షితులు 1835 లో ఆ యూరనే పరమపదించెను. ఆయన తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఆ సంస్థానమున విద్వాంసుడు. బాలస్వామికి దౌహిత్రుడును దత్తపుత్రుడును అయిన సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథమును తెలుగున రచించి, 1904 లో ఎట్టయపురముననే అచ్చొత్తించెను. రాగలక్షణములను, కీర్తనలను స్వరపరచి చూపిన ఆ గ్రంథము నేటికిని కర్ణాటక సంగీతమునకు ప్రమాణముగా నిలిచియున్నది. తమిళ మారుమూల పట్టణమున తెలుగు లిపిలో వెలువడిన ఆ గ్రంథమును తలచుకొన్నపుడు, నాడు సంగీతమునకును తెలుగునకును గల సంబంధము ఎంత దగ్గరిదో తెలియగలదు. 1906 లో సుబ్బరామ దీక్షితులు కీర్తిశేషుడు కాగా, అప్పటికి మదరాసులో పత్రికారచయితగా నున్న భారతి ఆయన స్మృతికై పద్యములు వ్రాసెను.

ఆస్థానములోని సంగీతము అది. ఊరి పొలిమేర దాటినచో వినవచ్చు సంగీతము వేరు. సమీపముననే గల కళుగుమలై కొండకు కావడి మోసికొనిపోవు భక్తులు దారి పొడుగునను చిందులు పాడెడివారు. తమిళదేశమున స్థిరపడిన రెడ్ల కుటుంబమునకు చెందిన అణ్ణామలై రెడ్డియారు ఆ దారి నడకకు తగిన లయతో కావడి చిందులను రచించి పేరొందెను. నడచువాని అడుగే తాళము. మోయువాని ఊపిరియే శ్రుతి. ఈ రెండు సంగీతములును బాల్యమున భారతి చెవిని పడినవి. మొదటిదానిని ఆయన గౌరవించెను, రెండవదానిని స్వీకరించెను.

1897 లో, పదునాల్గేండ్ల వయసున, చెల్లమ్మాళ్‌తో ఆయన వివాహము జరిగెను. మరుసటి సంవత్సరమే తండ్రి మరణించెను. ప్రత్తి వ్యాపారమున కలిగిన నష్టము ఆయనను క్రుంగదీసియుండెను. దిక్కులేని కుమారుడు కాశిలోనున్న మేనత్త యింటికి పోయి అచట సంస్కృతమును, హిందీని అభ్యసించెను. తలపాగ, మీసము, కోటు అనునవి ఆయనకు అబ్బినది అచటనే యందురు. స్వదేశమునకు మరలివచ్చి కొంతకాలము సంస్థానమున గడపి, 1904 లో మదురలోని సేతుపతి ఉన్నత పాఠశాలలో కొలది మాసములు తమిళ పండితుడుగా పనిచేసెను. ఆ సంవత్సరాంతమున జి. సుబ్రహ్మణ్య అయ్యరు ఆయనను మదరాసులోని స్వదేశమిత్రన్ పత్రికకు చేర్చుకొనెను. అటు తరువాత స్త్రీలకై చక్రవర్తిని యను మాసపత్రికకును, 1906 నుండి ఇండియా యను వారపత్రికకును ఆయన సంపాదకత్వము వహించెను. కాంగ్రెసు సభలకై ఉత్తరదేశమునకు పోయినపుడు సోదరి నివేదితను దర్శించి, ఆమెను గురువుగా భావించెను.

ఆ రోజులలో దేశాభిమానము సభలలో ఉపన్యాసముల రూపముననే ఎక్కువగా నుండెడిది. ఉపన్యాసమునకు ఒకరు మాటాడవలెను, తక్కినవారు వినవలెను. భారతి సభలలో పాడుట మొదలిడెను. ఆయన గొంతు గంభీరమైనది, విన్నవారు ఊరకుండలేకపోయెడివారు. మైలాపూరులో ప్రసిద్ధ న్యాయవాదియు మితవాదియునగు వి. కృష్ణస్వామి అయ్యరుకును భారతికిని రాజకీయములలో చుక్కెదురు. అయినను జి. ఎ. నటేశన్ కవిని ఆయన యింటికి తోడ్కొనిపోగా, పాటలు విన్న కృష్ణస్వామి అయ్యరు మనసు కరగిపోయెను. తన ఖర్చుతో 1907 లో మూడు గీతములను 15,000 ప్రతులుగా అచ్చొత్తించి పాఠశాలలకు ఉచితముగా పంచిపెట్టించెను. కవి రాజకీయమును అంగీకరింపనివాడే ఆయన పాటకు తొలి ప్రకాశకుడైనాడు. వాదముచే కలుపజాలనివారిని పాట కలిపినదనుటకు ఇంతకన్న నిదర్శనము వెదుకనక్కరలేదు. 1908 లో స్వదేశ గీతములు పుస్తకరూపమున వెలువడెను.

1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలు ఆంధ్రదేశమున విశాఖపట్టణము మొదలు బెజవాడవరకు ఉపన్యసించి, రాజమహేంద్రవరపు విద్యార్థులను ఉఱ్ఱూతలూగించి, మే నెలలో మదరాసు చేరెను. అచట సముద్రతీరమున ఆయన సభలు నడిపించినవారిలో భారతి ముఖ్యుడు. మరుసటి సంవత్సరము ప్రభుత్వము అణచివేతకు పూనుకొనెను. వి. ఓ. చిదంబరం పిళ్ళె కారాగారము పాలయ్యెను. ఇండియా పత్రికకు చట్టరీత్యా సంపాదకుడుగా నమోదైన శ్రీనివాసన్ అనునాతడును బంధితుడయ్యెను. తరువాతి వంతు కవిదేనని గ్రహించిన మిత్రులు ఆయనను తొందరపెట్టి ఫ్రెంచివారి యేలుబడిలోనున్న పుదుచ్చేరికి పంపిరి.

పుదుచ్చేరి తెలుగు కవితకు కొత్త చోటు కాదు. ఆనందరంగ పిళ్ళె దుబాసీగా వెలసిన 18 వ శతాబ్దమున కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమును ఆయన పేరుతో వెలయించి కృతిభర్తను చిరస్మరణీయుని చేసెను. అయితే ఆనందరంగ పిళ్ళె వంటి పోషకుడెవ్వడును భారతి కొఱకు వేచియుండలేదు. ఆంగ్ల ప్రభుత్వపు వేగులవారు వీధి మూలలయందు కాచియుండిరి. వచ్చు ఉత్తరములు చేతికి అందునో లేదో తెలియదు. ఇండియా పత్రిక 1908 అక్టోబరునుండి పుదుచ్చేరిలో అచ్చయ్యెను గాని, దానిని ఆంగ్ల రాజ్యమునకు రానీయకుండ నిషేధించుటచే 1910 మార్చిలో నిలిచిపోయెను. పత్రికతోపాటు జీవనాధారమును పోయెను. ఇంటనున్న కొద్దిపాటి బియ్యమును పిచ్చుకలకు చల్లిన కథ అందరెరిగినదే. దానిని పదే పదే చెప్పి కన్నీరు పెట్టుటకన్న, ఆ లేమిలో ఆయన ఏమి చేసెనో చూచుట మేలు.

అచ్చుయంత్రము చేజారిన కవికి గొంతు మిగిలెను. సాయంకాలములందు ఆయన సముద్రతీరమునకు పోయెడివాడు. 1910 ఏప్రిలు 4 న అరవింద ఘోషును, ఆ సంవత్సరమే వి. వి. ఎస్. అయ్యరును పుదుచ్చేరి చేరిరి. మండయం శ్రీనివాసాచార్యులు అంతకుముందే అచట నుండెను. ఈ ప్రవాసులు కూడినపుడు రాజకీయము, వేదాంతము, ఋగ్వేదము మొదలగు వానిపై చర్చ సాగుచుండెను. చర్చ ముగిసినపిమ్మట భారతి పాడవలసినదే. వెన్నెలలో, కెరటముల యెదుట, అప్పుడే కట్టిన గీతమును సృష్టికర్త యొక్క ఉత్సాహముతో ఆయన పాడగా విన్నవారికి తప్ప ఆ గీతముల విలువ పూర్తిగా తెలియదని, కృష్ణగీతముల రెండవ ముద్రణ పీఠికలో అయ్యరు వ్రాసెను. అయ్యరు కఠిన విమర్శకుడు, ఊరక పొగడువాడు కాడు. అరవిందునికి ఆళ్వారుల పాశురములను పరిచయము చేసినదియు భారతియే. నమ్మాళ్వారు, ఆండాళ్ కృతులకు అరవిందుడు చేసిన ఆంగ్లానువాదములు ఈ స్నేహఫలములు.

ఇంట పాట వినువారు వేరు. ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధిలోని ఆ యింటికి బాడుగ అడుగవచ్చిన యజమాని, కవి పాడుచుండగా నిలిచి విని, బాడుగ మాట ఎత్తకయే మరలిపోయెడివాడని, ఆ కాలమున పుదుచ్చేరిలో మెలగిన వ. రామస్వామి వ్రాసెను. కవి కుమార్తెలు తంగమ్మ, శకుంతల. ప్రక్కయింటి పిల్లలవలె వచ్చిపోవు శ్రీనివాసాచార్యుల కుమార్తె యదుగిరి. కొత్త పాట పుట్టినదనినంతనే ఈ బాలికలకు దానిని నేర్పవలెనని కవికి ఆత్రము. యదుగిరి పెద్దదైన పిమ్మట వ్రాసిన జ్ఞాపకములలో ఈ పాటల పాఠములు కన్నులకు కట్టినట్లున్నవి. 1915 లో సుబ్రహ్మణ్య శివ నడపిన జ్ఞానభాను పత్రికలో వెలువడిన పాపాయి పాట శకుంతలకొరకు వ్రాసినదని ప్రసిద్ధి. ఆడుకొనుమనియు, పాడుకొనుమనియు, జంతువులయెడ దయ చూపుమనియు, జాతిభేదము పాటింపవలదనియు పసివానికి చెప్పు ఆ పాట తమిళ గృహములలో లాలిపాటయంత సహజముగా నిలిచెను. నీతిశతకమును వల్లెవేయించిన పిల్లవానికి నీతి ఎంత అబ్బునో తెలియదుగాని, గుంపుగా పాడిన పాట మరపునకు రాదు.

స్త్రీలకై ఆయన ఎన్నుకొన్నది కుమ్మి. వలయముగా తిరుగుచు, చేతులు చరచుచు స్త్రీలు పాడు ఈ పాట మన గొబ్బిపాటకు తోబుట్టువు. పెండ్లిండ్లలో, పండుగలలో అవ్వయు మనుమరాలును ఒక్క వలయముననే తిరుగవచ్చును. తెలిసినవారు ఎత్తుకొందురు, తెలియనివారు అందుకొందురు. ఈ వలయములోనికి భారతి స్త్రీ స్వాతంత్ర్యమును ప్రవేశపెట్టెను. చదువు, ఉద్యోగము, వివాహమున సమానత వంటి విషయములను నాటి సంస్కర్తలు వ్యాసములలో చర్చించుచుండగా, ఆయన చప్పట్ల తాళమునకు ఒదిగించెను. వ్యాసమును ఇల్లాలు చదువకపోవచ్చును. కుమ్మి పాడకుండుట ఎట్లు?

ఇదే పద్ధతిలో ఆయన పల్లెనుండి, వీధినుండి, కోవెలనుండి మట్లు తీసికొనెను. వైష్ణవ కోవెలలలో తెల్లవారుజామున పాడు మేలుకొలుపును భారతమాతకు మేలుకొలుపుగా మార్చెను. పొలములలో పనిచేయు పళ్ళరు కులస్థుల ఆటపాటనుండి స్వాతంత్ర్యము వచ్చినదని ఆనందించు పాట కట్టెను. స్వాతంత్ర్యము ఇంకను కంటికి కానరాని కాలమున, అది వచ్చియే యున్నట్లు ఆడి పాడించుట చిత్రమైన యూహ. తెల్లవారకమునుపే డమరుకము మోగించుచు వచ్చి ఇంటివారికి శుభము పలుకు గుడుగుడుపాండి మన బుడబుక్కలవాడే. తమిళదేశమున ఆ వృత్తివారిలో తెలుగు మాటాడు కంబళ నాయకులు కలరు. పుదుచ్చేరిని వేదపురమను పేరున పేర్కొనుచు భారతి వ్రాసిన ఒక కథలో అట్టి గుడుగుడుపాండి ఒకడు వచ్చి, ఇంటికి కాక దేశమునకు సోదె చెప్పును: మంచికాలము వచ్చుచున్నదనియు, కులములు కలియుననియు, కలహములు తీరుననియు. ఆ డమరుకపు దెబ్బను చెవికి వినిపించునట్లు ఛందస్సు కుదిర్చిన నేర్పు పండితులకును ఆశ్చర్యము గొలుపును. ఫిజీ ద్వీపపు చెఱకుతోటలలో కన్నీరు కార్చు కూలిస్త్రీలను గూర్చిన పాటయు పుదుచ్చేరిలో పుట్టినదే. 1903 నుండి మదరాసు రేవున ఓడలెక్కి అచటికి పోయిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి.

1912 వ సంవత్సరము భారతి సాహిత్యజీవితమున పంట పండిన యేడు. పాంచాలీ శపథము, కృష్ణగీతములు, కోకిలపాట ఆ ప్రాంతమున రూపొందినవి. పాంచాలీ శపథపు పీఠికలో ఆయన తన మార్గమును స్పష్టపరచెను: సులభమైన మాటలు, సులభమైన నడక, సామాన్య జనులు ఇష్టపడు మట్లు కావలెననియు, అట్టి కావ్యము వ్రాయువాడు భాషకు కొత్త ప్రాణము పోయుననియు. కొలదిగా చదువుకొన్నవారికిని తెలియవలెను, కాని కావ్యగుణము తగ్గరాదు. ఇది చెప్పుట తేలిక, చేయుట కష్టము. మన గురజాడ అప్పారావు ముత్యాలసరములతో అదే కాలమున విశాఖ మండలమున ఇట్టి ప్రయత్నమే చేయుచుండుట గమనింపదగినది. ఒకరినొకరు ఎరుగకయే ఇద్దరును ఒక్క త్రోవను త్రవ్విరి.

పుదుచ్చేరి శివారునగల మామిడితోపు కోకిలపాటకు రంగస్థలము. ఆ కావ్యమున కోకిల తన మనసును దోచుకొన్న సంగీతములను ఎన్నుచు, వేణువును వీణను మరువదు. కాని అంతకుముందే ఏతము తొక్కువారి పాట, వడ్లు దంచు స్త్రీల సవ్వడి, సున్నము దంచువారి రాగములు, పొలమున పనిచేయు ఆడువారి పదములు, వలయము గట్టి చేతులు చరచువారి మేళము ఆ కోకిలకు జ్ఞప్తికి వచ్చును. ఏతపు పాటయు, సువ్విపాటయు విన్న తెలుగువానికి ఈ భాగమునకు వ్యాఖ్యానమక్కరలేదు. పాడుటకై తీరిక చేసికొని కూర్చుండినవారు వీరు కారు. బరువును పదిమంది పంచుకొనునట్లు ఊపిరిని పంచుకొనుటకై పాడినవారు. సంగీతమునకు మూలము ఇచటనున్నదని భారతి నమ్మకము. ఆయన వచనకవితలలో ఒకదాన పాములవాడు వీధిలో నాగస్వరము ఊదుచుండును. ఆ నాదము వాని హృదయమునుండి వచ్చినదా, ఊపిరినుండి వచ్చినదా, బుఱ్ఱనుండి వచ్చినదా యని విచారించి, అంతయు ఒక్క శక్తి లీలయేయని కవి తేల్చును. బిచ్చమెత్తు పాములవానియందు ఇంత తత్త్వమును చూచిన సంగీతశాస్త్రజ్ఞులు తక్కువ.

ఆయన పాట ఒకరినుండి మరియొకరికి ఎట్లు పాకెనో తెలుపు సంఘటన ఒకటి కలదు. పుదుచ్చేరిలో వేణునాయకరు అను వ్యాయామోపాధ్యాయుని వివాహమునకు భారతియు పోయెను. భోజనములైన పిమ్మట మిత్రులు కనక సుబ్బరత్నమను యువకోపాధ్యాయుని పాడుమని కోరిరి. అతడు స్వతంత్రతను గూర్చిన భారతి గీతమును పాడెను. ఆ సభలోనున్న తలపాగ మనిషియే గీతకర్తయని అతడెరుగడు. వీధిలో అప్పుడప్పుడు చూచి, రవివర్మ చిత్రములోని పరమశివునివలె ఉన్నాడే యనుకొన్నవాడు మాత్రమే. అర్థమెరిగి మనసుంచి పాడినందుకు కవి సంతోషించి అతనిని తన యింటికి రమ్మనెను. ఆ సుబ్బరత్నమే పిదప భారతిదాసన్ అను పేర తమిళమున గొప్ప కవియై 1964 వరకు జీవించెను. పెండ్లివారి యింట, కచేరి యని పిలువరాని కూటమిలో, కర్త పేరు తోచకయే పాట చలామణి యగుచుండెను. కవికి ఇంతకన్న బిరుదమేమి కావలెను?

భారతి సంగీతమును గూర్చి వ్రాసిన వ్యాసము తెలుగువారికి కొంత నొప్పి కలిగింపవచ్చును. తమిళదేశమున ఏ యూరికి ఏ భాగవతులు వచ్చినను అవే కొలది తెలుగు, సంస్కృత కీర్తనలు పాడుచున్నారనియు, పాడువానికి అర్థము తెలియదు, వినువానికి అంతకన్న తెలియదనియు, నవరసములు కచేరినుండి తొలగిపోయినవనియు ఆయన ఆక్షేపించెను. ఈ వ్యాసమునుండి బలము తెచ్చుకొని 1940 తరువాత తమిళ సంగీతోద్యమము సాగినమాట నిజమే. కాని భారతికి తెలుగుపై ద్వేషము లేదు, త్యాగరాజుపై అసలే లేదు. సింధునది వెన్నెలలో దేశజనులందరును కలిసి విహరించునట్లు ఊహించిన ప్రసిద్ధ గీతములో, పడవ సాగించుచు పాడుకొనుటకు ఆయన ఎన్నుకొన్నది తెలుగు పాటనే. ఆయన కోపమంతయు భాషపై కాదు, అర్థము లేని ఆవృత్తిపై. త్యాగరాజు తానే దివ్యనామ కీర్తనలను, ఉత్సవ సంప్రదాయ కీర్తనలను భజన గోష్ఠిలో అందరును పాడుటకై సులభమైన నడకలో రచించెను గదా! తమిళ గ్రామములలో రామనవమినాడు ఆ కీర్తనలను భక్తితో పాడు ముదుసలులకు తెలుగు రాకపోవచ్చును, పాట వచ్చును. కచేరిలోని కీర్తనను మాత్రమే ఎదుట పెట్టుకొని వ్రాసినందున భారతి వ్యాసమున భజనకూటముల గొప్పతనము తగినంత కనబడదు. ఆ లోటును ఆయన పాటలే తీర్చినవి.

1916 నవంబరులో పుదుచ్చేరిని గొప్ప తుఫాను ముంచెత్తెను. వేలకొలది చెట్లు కూలెను, ఇండ్లు పడెను. ఆ రాత్రి గాలిని గూర్చియు, నడుమ చెక్కుచెదరక మిగిలిన ఒక చిన్న కొబ్బరితోపును గూర్చియు కవి పాడెను. 1917 లో పరలి నెల్లయప్పర్ అను యువ మిత్రుడు నాట్టుప్పాట్టు, పాపాయి పాట, కృష్ణగీతములు, భేరి అను చిన్న పుస్తకములను మదరాసులో అచ్చొత్తించెను. వెల తక్కువ; కాగితము సామాన్యము. అగ్గిపెట్టెవలె తన పుస్తకములు ఇంటింటికి అమ్ముడుపోవలెనని కవి ఆశ. ఆ ఆశ ఆయన బ్రతికియుండగా తీరలేదు.

ప్రవాసము దుర్భరమై, 1918 నవంబరు 20 న ఆయన పుదుచ్చేరిని విడిచి ఆంగ్ల రాజ్యమున అడుగుపెట్టెను. కడలూరు దగ్గర పోలీసులు పట్టుకొని చెఱలో పెట్టి డిసెంబరు 14 న విడిచిరి. భార్య పుట్టినయూరగు కడయమున రెండేండ్లు గడపి, 1920 లో తిరిగి స్వదేశమిత్రన్‌లో చేరెను. తిరువల్లిక్కేణి పార్థసారథి కోవెల యేనుగుకు ఫలమందించుట ఆయనకు అలవాటు. 1921 లో ఒకనాడు ఆ యేనుగు ఆయనను పడద్రోయగా, కువళై కణ్ణన్ అను భక్తుడు లోనికి దూకి కాళ్ళక్రిందనుండి లాగి రక్షించెను. గాయములు మానినవి గాని దేహము కోలుకొనలేదు. ఆ యేడాది జూలై ఆఖరున ఈరోడు దగ్గరి కరుంగల్పాళయపు గ్రంథాలయమున మానవునకు మరణము లేదను విషయమై ఉపన్యసించివచ్చెను. సెప్టెంబరు 11 అర్ధరాత్రి దాటిన పిమ్మట అతిసారముచే అస్తమించెను. శవమువెంట నడచినవారు ఇరువదిమందికి మించలేదు.

పాట మాత్రము గుంపులను వెదుకుకొనుచు పోయెను. 1928 లో బర్మా ప్రభుత్వము స్వదేశ గీతములను నిషేధింపగా మదరాసు ప్రభుత్వమును ప్రతులను స్వాధీనపరచుకొనెను. ఎస్. సత్యమూర్తి శాసనసభలో దానిని తీవ్రముగా ఖండించెను. కాగితమును పట్టుకొనవచ్చును గాని, వాడవాడల పిల్లలు కంఠస్థము చేసిన దానిని పట్టుకొను పోలీసు ఎవడు? తెల్లదొరతనమును గూర్చిన గరిమెళ్ళ సత్యనారాయణ పాట ఆంధ్రదేశమున వీధి వీధిని మారుమోగినపుడును ఇట్లే జరిగెను. కవి చెఱలో నుండగా పాట సంతలలో తిరిగెను. 1947 ఆగస్టున స్వాతంత్ర్యము వచ్చిననాడు డి. కె. పట్టమ్మాళ్ మదరాసు రేడియోలో ఆలపించిన గీతము పొలపు కూలీల ఆటకై భారతి కట్టిన ఆ ఆనందగీతమే. మూడు దశాబ్దములకు పైగా ఊహగా నిలిచిన పాట ఆ రాత్రి వార్తగా మారెను.

అప్పటికి ఆ పాటలపై హక్కు వేరొకరిది. గ్రామఫోను హక్కులు చేతులు మారి మారి చిత్రనిర్మాత ఎ. వి. మెయ్యప్ప చెట్టియారును చేరెను. నాటకములలో పాడుకొనుటకును తగవులు వచ్చెను. పాట అందరిదని బ్రతికిన కవి పాటకు అనుమతి అడుగవలసిన దుస్థితి పట్టెను. సాహిత్యాభిమానులు ఆందోళన సాగింపగా 1949 లో మదరాసు ప్రభుత్వము ఆ హక్కులను తీసికొని, కవి కుటుంబమునకు పరిహారమిచ్చి, అటు తరువాత ఆ రచనలను ప్రజలకు వదలిపెట్టెను. నాటినుండి ఏ బడిపిల్లల గుంపైనను, ఏ నాటక సమాజమైనను, పండుగనాడు కుమ్మి వలయము కట్టిన ఏ యింటి ఆడువారైనను భారతి పాట ఎత్తుకొనుటకు ఎవరి సెలవును అక్కరలేకపోయెను.